కత్తి పెట్టే ముందు గడ్డ పేరు తేల్చిన క్లినిక్

సికింద్రాబాద్‌లో ఉన్న ఈ బ్రెస్ట్ క్లినిక్‌కి అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒక స్టార్ ఎందుకు తగ్గించానో కింద రాస్తాను, ముందు అసలు విషయం. ఎడమ రొమ్ములో గడ్డతో నాలుగు నెలలు తిరిగి, ఒకసారి కోత కోయించుకుని, టీబీ మందుల చీటీ చేతిలో పట్టుకుని, క్యాన్సరేమో అని రాత్రుళ్లు నిద్ర లేకుండా గడిపి ఇక్కడికి వచ్చాను. నాది టీబీ కాదు, క్యాన్సర్ కూడా కాదు. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే అరుదైన రొమ్ము వాపు జబ్బు. ఆ పేరు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు, అప్పటిదాకా నన్ను చూసినవాళ్లలో ఒక్కరి నోటా రాలేదు. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఇలాంటి గడ్డతో ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని.

మాది ఖమ్మం. నాకు 31 ఏళ్లు, బాబుకి రెండున్నర. పాలు మాన్పించి అప్పటికే ఏడాది దాటింది. మాన్పించేటప్పుడు అత్తమ్మ నాలుగు రోజులు మల్లెపూలు కట్టించింది, మా వైపు పాలు ఇంకిపోవడానికి అలాగే చేస్తారు, ఏ ఇబ్బందీ రాలేదు. అందుకే పోయినేడాది మార్చిలో స్నానం చేస్తుంటే ఎడమ వైపు నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలితే, ఇంట్లో అందరం మిగిలిపోయిన పాలు గడ్డకట్టాయి అనుకున్నాం. వేడి కాపడం పెట్టాను. పది రోజులకి చర్మం ఎర్రబడింది, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయేదాన్ని, బాబు మీదికి ఎక్కితే ఏడుపొచ్చేది.

దగ్గర్లో ఒక సర్జన్ దగ్గరికి వెళ్లాం. చీముగడ్డ అన్నారు, వారం రోజులు యాంటీబయాటిక్ రాశారు. తగ్గలేదు. ఇంకో రకం యాంటీబయాటిక్, ఇంకో వారం. అదీ పని చెయ్యలేదు. అప్పుడు కోసి చీము తీసేద్దాం అన్నారు. కోస్తే వచ్చిన చీము రెండు చెంచాలు కూడా లేదు, గడ్డ మాత్రం అలాగే ఉంది. ఆ కోత మానలేదు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్‌కి తిరిగాను, అయిదు వారాలైనా అందులోంచి నీరు కారుతూనే ఉంది, పక్కనే ఇంకో చిన్న రంధ్రం తనంతట తానే పడింది. ఆయన్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. పాలిచ్చే తల్లులకి వచ్చే చీముగడ్డ రోజూ చూసే డాక్టర్‌కి ఇదీ అలాగే కనిపించి ఉంటుంది. కానీ రెండు కోర్సులు వాడినా కదలని గడ్డని కోసే ముందు ఒక్క స్కాన్, ఒక్క ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించి ఉంటే నా రొమ్ము మీద ఈ మచ్చ ఉండేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత వేరే చోట స్కానింగ్ తీయించాం. రిపోర్ట్‌లో బై-రాడ్స్ 4సీ అని ఉంది, స్కాన్‌ని బట్టి క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే గ్రేడ్ అది. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే 4సీ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం సగానికి పైనే అని వచ్చింది. ఆ రాత్రి మా ఆయన, నేను ఇద్దరం మాట్లాడుకోలేదు. బాబు మధ్యలో పడుకుని ఉన్నాడు, నేను వాడి తల నిమురుతూ తెల్లవార్లూ కూర్చున్నాను. తర్వాత సన్న సూదితో చేసే ఎఫ్ఎన్ఏసీ పరీక్షలో క్యాన్సర్ కణాలు లేవు, గ్రాన్యులోమాలు (శరీరంలోని రక్షణ కణాలు గుంపుగా చేరి కట్టే చిన్న ముద్దలు) కనిపించాయి అని వచ్చింది. గ్రాన్యులోమా అనే మాట చూడగానే ఇంకో డాక్టర్ టీబీ అన్నారు, ఆరు నెలల కోర్సు రేపే మొదలుపెట్టమన్నారు. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఆ అనుమానం రావడం తప్పు కాదు. కానీ ఒక్క టీబీ పరీక్ష కూడా చెయ్యకుండానే మందులు రాశారు. ఇంట్లో అత్తమ్మ నా కంచం, గ్లాసు వేరు చేసింది, బాబుని తన దగ్గర పడుకోబెట్టుకుంది. ఆమె భయం ఆమెది, నాకు మాత్రం గడ్డ నొప్పి కన్నా అదే ఎక్కువ నొప్పి అనిపించింది. (తర్వాత ఈ క్లినిక్ డాక్టరమ్మే చెప్పారు, ఊపిరితిత్తుల టీబీ దగ్గుతో గాలి ద్వారా వస్తుంది కానీ కంచాల వల్ల రాదని. అత్తమ్మని ఫోన్‌లో కూర్చోబెట్టి మరీ చెప్పారు.)

మా ఆయన చిన్నాన్న కూతురు ల్యాబ్‌లో పని చేస్తుంది. తనే గట్టిగా పట్టుబట్టింది, వదినా, మందు బిళ్ల నోట్లో వేసుకోకముందే రొమ్ము జబ్బులు మాత్రమే చూసేవాళ్ల దగ్గరికి ఒక్కసారి వెళ్లు, పాత స్లైడ్లు (సూదితో తీసినది పూసి చూసిన గాజు పలకలు) కూడా అడిగి తీసుకెళ్లు అని. స్లైడ్లు మనం అడిగితే ఇస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. అడిగాను, ఇచ్చారు.

జూలైలో పొద్దున శాతవాహన రైలు ఎక్కి మధ్యాహ్నానికి సికింద్రాబాద్ చేరాం. ఒంటిగంటకి అపాయింట్‌మెంట్. పిలిచింది రెండున్నరకి. ఈ ఆలస్యం గురించి తర్వాత చెప్తాను.

డాక్టరమ్మ నా ఫైలు చూడలేదు ముందు. పక్కన పెట్టి, నువ్వు చెప్పమ్మా, మొదటి రోజు నుంచి చెప్పు అన్నారు. నాలుగు నెలల్లో నన్ను ఎవరూ అలా అడగలేదు. తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు వరసగా గుర్తున్నాయి నాకు. కాన్పు ఎప్పుడు, పాలు ఎప్పుడు మాన్పించావు, బాబు ఏ వైపు ఎక్కువ తాగేవాడు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఏమైనా ఉన్నాయా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నావా, గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నావా. గ్యాస్ మాత్రకీ రొమ్ము గడ్డకీ ఏం సంబంధం అనుకున్నాను. నేను పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్లలో డోంపెరిడోన్ అనే మందు కలిసి ఉంది, అది ప్రోలాక్టిన్ అనే పాల హార్మోన్‌ని పెంచుతుంది, ఈ జబ్బు వచ్చిన కొందరిలో ఆ హార్మోన్ ఎక్కువగా ఉంటుంది అన్నారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏడాదిగా వేసుకుంటున్నాను నేను. అది ఆ రోజే ఆపించారు, ప్రోలాక్టిన్ రక్తపరీక్ష రాశారు. నాది కొంచెమే ఎక్కువ వచ్చింది, రెండు నెలలకి మామూలు అయింది.

ఆ తర్వాత కాళ్లు చూపించమన్నారు. రొమ్ము డాక్టర్ కాళ్లు చూడటమేంటి అనుకుంటూనే చీర కొంచెం పైకి తీశాను. నెల నుంచీ మోకాళ్ల కింద ముందు వైపు ఎర్రటి బుడిపెలు ఉన్నాయి, నొక్కితే నొప్పి, మోకీళ్లు కూడా పట్టేసినట్టు ఉండేవి, ఎండాకాలం వేడి అనుకుని సబ్జా నీళ్లు తాగుతున్నాను. ఆమె వేలితో ఒకదాన్ని నెమ్మదిగా నొక్కి, ఇదీ అదీ ఒకటేనమ్మా, వేరు వేరు జబ్బులు కావు అన్నారు. ఎరిథీమా నోడోజం అంటారట. టీబీలో కూడా ఇలాంటి బుడిపెలు రావచ్చు కాబట్టి దీన్ని బట్టి ఇప్పుడే ఏదీ తేల్చను అని కూడా అన్నారు. రెండో మాట కూడా చెప్పినందుకే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

తెర వేసి, సిస్టర్‌ని పక్కన ఉంచుకుని రెండు రొమ్ములూ, రెండు చంకలూ, మెడ పక్కలా చూశారు. చూసే ప్రతిసారీ చెప్పి ముట్టుకున్నారు. ఇది చిన్న విషయమే కావచ్చు కానీ అంతకు ముందు తలుపు సగం తెరిచి ఉన్న గదిలో చూపించుకున్నదాన్ని, నాకు పెద్ద విషయమే.

ఇక్కడ పని జరిగే పద్ధతి ఏంటంటే, చేత్తో చూడటం, స్కాన్, ముక్క పరీక్ష, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ట్రిపుల్ అసెస్‌మెంట్ అంటారు. చేతికి ఒకలా, స్కాన్‌లో ఒకలా, ముక్కలో ఇంకోలా వస్తే మళ్లీ చేస్తారు కానీ ఏదో ఒకటి పట్టుకుని వైద్యం మొదలుపెట్టరు. స్కాన్ అక్కడే, ఆ రోజే. నా వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రాం కన్నా అల్ట్రాసౌండ్‌లోనే ముందు బాగా తెలుస్తుందన్నారు. స్కాన్ చేసిన మేడం స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. గడ్డ నేను ఊహించినట్టు గుండ్రంగా లేదు. నల్లటి పాయలు చెట్టు వేళ్లలాగా పక్కలకి పాకి, రెండు పాయలు చర్మం దాకా వచ్చి రంధ్రాల దగ్గర తేలాయి. ఇలా అంచులు చెదిరి ఉంటాయి కాబట్టే స్కాన్‌లో క్యాన్సర్‌లా కనిపిస్తుంది, పాత రిపోర్ట్‌లో 4సీ అని రాయడం తప్పు కాదు, అలా కనిపిస్తే ముక్క తీసి చూడాల్సిందే అని అర్థం, అంతేకానీ క్యాన్సర్ ఉందని కాదు అని చెప్పారు. ఆ ఒక్క మాట ఆ రోజు రాత్రి మాకు ఎవరైనా చెప్పి ఉంటే.

బయాప్సీ గురించి భయపడేవాళ్ల కోసం రాస్తున్నాను. తిమ్మిరి ఎక్కే ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు మాత్రం మండింది, అది నిజం, వాచి ఉన్న గడ్డ కాబట్టి మామూలు కన్నా ఎక్కువే మండుతుందని ముందే చెప్పారు. రెండు నిమిషాలు ఆగారు. తర్వాత స్కాన్‌లో చూస్తూ కొంచెం లావుపాటి సూది పెట్టారు, 14 గేజ్ అంట, ముక్క తీసినప్పుడల్లా స్టాప్లర్ కొట్టినట్టు టక్ మని శబ్దం వస్తుంది. శబ్దం ఎలా ఉంటుందో ముందే ఒకసారి గాల్లో కొట్టి వినిపించారు, లేకపోతే నేను ఉలిక్కిపడేదాన్నే. ఆరు ముక్కలు తీశారు. పావుగంట కూడా పట్టలేదు. కుట్లు లేవు, పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుని ప్లాస్టర్ వేశారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మా పక్కింటావిడ చెప్పి పంపింది, అడిగేశాను, ఆ భయంతో పరీక్ష మానుకున్నవాళ్లే నష్టపోతారమ్మా అన్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. ఆరు ముక్కల్లో నాలుగు ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) డబ్బాలో వేశారు, రెండు మాత్రం సెలైన్‌లో వేశారు. ఎందుకని అడిగాను. ఫార్మలిన్‌లో వేస్తే క్రిములన్నీ చచ్చిపోతాయి, ఇక కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో) ఏదీ పెరగదు, టీబీ ఉందో లేదో చూడాలంటే ముక్క సెలైన్‌లోనే వెళ్లాలి అన్నారు. అన్నీ ఫార్మలిన్‌లో వేసి పంపితే టీబీ కల్చర్ కోసం మళ్లీ సూది గుచ్చాల్సిందే. మీరు ఎక్కడ బయాప్సీ చేయించుకున్నా, రొమ్ము గడ్డ చీముగడ్డలా ఉండి మానకపోతే, ఈ ఒక్క ప్రశ్న ముందే అడగండి, కల్చర్‌కి కూడా ముక్క పంపుతున్నారా అని. మామూలు బ్యాక్టీరియా కల్చర్ కూడా రాశారు, అందులోనూ ఎక్కువ రోజులు ఉంచి చూడమని రాశారు, కొరినీబ్యాక్టీరియం అనే ఒక రకం ఈ జబ్బులో కొందరికి దొరుకుతుంది, అది నెమ్మదిగా పెరుగుతుందట, దొరికితే దానికి వేరే యాంటీబయాటిక్ వాడాలి. నాకు దొరకలేదు.

టీబీకి సీబీనాట్ పరీక్ష (టీబీ క్రిమి జన్యువుని యంత్రంలో వెతికేది) ప్రభుత్వ టీబీ సెంటర్లలో ఉచితంగా చేస్తారని వాళ్లే చెప్పారు. ముక్కని మేమే తీసుకెళ్లి ఇచ్చి రావాలి, ఆ రోజు మాకు ఆ టైం లేక ప్రైవేట్‌లోనే ఇచ్చాం. టైం ఉన్నవాళ్లు అడగండి, డబ్బులు మిగులుతాయి.

సీబీనాట్ రెండు రోజుల్లో వచ్చింది, టీబీ లేదని. ముక్క రిపోర్ట్ ఇంకొన్ని రోజులకి వచ్చింది. క్యాన్సర్ లేదు. పాల గ్రంథుల చుట్టూనే గ్రాన్యులోమాలు ఉన్నాయి, టీబీలో తరచుగా కనిపించే, జున్నులా కుళ్లిన భాగం లేదు. ఇక టీబీ మందులు అవసరం లేదుగా అన్నాను ఆత్రంగా. ఇంకా కాదమ్మా, రొమ్ము టీబీలో క్రిములు చాలా తక్కువ ఉంటాయి, సీబీనాట్‌కి దొరక్కపోవచ్చు, కల్చర్ పూర్తిగా రానిద్దాం, ఆరు వారాలు పడుతుంది అన్నారు. ఛాతీ ఎక్స్‌రే తీయించారు, బాగానే ఉంది.

ఆరు వారాలు. ఆ మాట విని మా ఆయనకి కోపమొచ్చింది, నాలుగు నెలలు పోయాయి, ఇంకా ఆరు వారాలు ఊరికే కూర్చోవాలా అని. ఆమె ఓపిగ్గా వివరించారు. ఈ జబ్బుకి వాడేది స్టెరాయిడ్. లోపల టీబీ ఉండగా స్టెరాయిడ్ ఇస్తే టీబీ విజృంభిస్తుంది. అలాగని ఈ జబ్బుకి టీబీ మందులు ఇస్తే కాలేయం మీద భారం తప్ప లాభం లేదు. పైగా ఇది చాలామందిలో ఏ మందూ లేకుండానే నెమ్మదిగా చల్లారిపోతుంది, కాకపోతే నెలలు పడుతుంది, కొందరికి ఏడాది, రెండేళ్లు కూడా. ప్రాణాపాయం లేదు, క్యాన్సర్‌గా మారే జబ్బు కాదు. కాబట్టి ఆరు వారాలు ఆగితే మనకి పోయేదేమీ లేదు, తొందరపడితే పోయేది చాలా ఉంది. ఆ లోపు నొప్పి బిళ్ల, ఇంట్లోనే చేసుకునే డ్రెస్సింగ్ నేర్పించారు, మళ్లీ చీము పడితే కొయ్యకుండా సూదితో లాగుతాం, ఎవరు కోస్తానన్నా కోయించుకోవద్దు అని గట్టిగా చెప్పారు. కోసిన చోటల్లా ఈ జబ్బు మానకుండా రంధ్రాలు పడతాయట. నా శరీరం మీదే ఆ సంగతి కనిపిస్తోంది కదా.

1972లో కెస్లర్, వోలోచ్ అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారి దీన్ని వేరే జబ్బుగా గుర్తించి రాశారని చెప్పారు. అంటే యాభై ఏళ్లు దాటినా ఇంకా చాలా చోట్ల చీముగడ్డ అనో టీబీ అనో క్యాన్సర్ అనో వైద్యం జరుగుతోంది. ఎందుకు వస్తుందో కూడా పూర్తిగా తెలియదు, పాలగొట్టాల్లోంచి పాలు చుట్టూ ఉన్న కండలోకి కారితే మన శరీరమే దాని మీద యుద్ధం చేస్తుందని ఒక ఆలోచన. కాన్పు అయిన అయిదారేళ్లలోపు ఉన్న ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది. నేను చేసిన తప్పు వల్ల వచ్చిందా, పాలు సరిగ్గా మాన్పించలేదా, మల్లెపూల వల్లా అని ఎన్నో అడిగాను. నీ వల్ల వచ్చింది కాదు అని రెండుసార్లు చెప్పారు. రెండోసారి చెప్పినప్పుడు ఏడ్చేశాను.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో వైద్యం మొదలైంది. మామూలుగా స్టెరాయిడ్ బిళ్లలు ఇచ్చి నెమ్మదిగా తగ్గిస్తారట, నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది కాబట్టి, బిళ్లలతో మళ్లీ షుగర్ పెరగొచ్చని, స్కాన్‌లో చూస్తూ నేరుగా గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, నెలకోసారి చొప్పున మూడుసార్లు. ప్రతిసారీ షుగర్ చూశాకే ఇచ్చారు. ఇంజెక్షన్ నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను, కానీ మొదటి దానికే పది రోజుల్లో ఎరుపు తగ్గింది. కాళ్ల మీద బుడిపెలు వాటంతట అవే పోయాయి. నవంబర్ చివరికి రెండు రంధ్రాలూ మూసుకున్నాయి. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి దూది పెట్టుకోకుండా జాకెట్ వేసుకున్నాను. బిళ్లలు వాడేవాళ్లకి ఒక మాట, డాక్టర్ చెప్పకుండా సడన్‌గా ఆపకూడదు, ఆ సంగతి గోడ మీద తెలుగులో రాసి పెట్టారు, మంచి పని. ఇంజెక్షన్లకి లొంగకపోతే మెథోట్రెక్సేట్ అనే బిళ్ల ఉందని, అది రోజూ కాదు వారానికి ఒక్కసారే వేసుకోవాలని, వాడుతున్నప్పుడు గర్భం రాకూడదని ముందే చెప్పి ఉంచారు. నాకు దాని దాకా రాలేదు.

వెయిటింగ్ హాల్లో ఒక కాలేజీ అమ్మాయి వాళ్లమ్మతో పరిచయం అయింది. ఆ పిల్లకి మూడు నెలల్లో గడ్డ రెండింతలు పెరిగిందట, నొప్పి అసలు లేదు. ముందు ఫైబ్రోఎడినోమా అన్నారు, వయసులో ఉన్న ఆడపిల్లలకి మామూలుగా వచ్చేదే, ఏమీ చెయ్యకపోయినా పర్లేదు అని వదిలేశారు. ఇక్కడ ముక్క చూసి ఫిల్లోడిస్ అనే వేరే రకం గడ్డ కావచ్చు అన్నారు, తీసి పూర్తిగా పరీక్ష చేస్తే మంచి రకమే అని తేలింది. ఫిల్లోడిస్ అంటే గ్రీకులో ఆకులాంటిది అని అర్థం, కోసి చూస్తే ఆకుల మడతల్లా ఉంటుందట. అది మాత్రం కొయ్యాల్సిందే, అది కూడా చుట్టూ కొంచెం మంచి కండతో కలిపి, లేకపోతే మళ్లీ రావచ్చు. ఆ తల్లి కొయ్యొద్దు అంటే బాగుండు అని భయపడుతోంది, నేను కోసినందుకు బాధపడుతున్నాను, ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. రెండూ అరుదైనవే, రెండూ క్యాన్సర్ కానివే, ఒకదానికి కత్తి కావాలి, ఇంకోదానికి కత్తి తగలకూడదు. బయటి నుంచి చేత్తో నొక్కి చూస్తే ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

ఇక ఆ తగ్గించిన స్టార్. మొదటిది టైం. అపాయింట్‌మెంట్ ఇచ్చిన టైంకి ఒక్కసారి కూడా పిలవలేదు, గంట నుంచి రెండు గంటలు ఆలస్యం. ఊళ్ల నుంచి రైళ్లలో వచ్చేవాళ్లకి ఇది చాలా కష్టం, రెండుసార్లు సాయంత్రం శాతవాహన తప్పిపోయింది, రాత్రి బస్సులో గడ్డ నొప్పితో ఖమ్మం దాకా కూర్చుని వచ్చాను. డాక్టరమ్మ ఒక్కొక్కరికీ అరగంట ఇస్తారు కాబట్టే ఆలస్యం అవుతుందని తెలుసు, నాకూ ఆ అరగంట కావాలి, అలాంటప్పుడు రోజుకి తక్కువ మందికి టైం ఇవ్వండి, లేదా ఆలస్యం అవుతుందని ఫోన్ చెయ్యండి. రెండోది బిల్లింగ్ కౌంటర్ ఇంకో అంతస్తులో ఉంది, ఒకే రోజు నాలుగుసార్లు ఎక్కి దిగాం. పిల్లల్ని కూర్చోబెట్టడానికి చోటు లేదు, వచ్చేవాళ్లలో సగం మంది పసిపిల్లల తల్లులే.

మూడోది అన్నిటికన్నా పెద్దది, దయచేసి మార్చండి. ముక్క రిపోర్ట్ శనివారం రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపించేశారు. మూడు పేజీల ఇంగ్లీషు. డాక్టర్ దొరికేది సోమవారం. ఆ రెండు రోజులు ఒక్కో మాటా ఫోన్‌లో వెతుక్కుంటూ మేము పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. రిపోర్ట్‌లో నిజానికి మంచి వార్తే ఉంది, చదువుకున్నదాన్నే అయినా నాకు అది మంచి వార్త అని అర్థం కాలేదు. రిపోర్ట్ పంపేటప్పుడు తెలుగులో ఒక్క వాక్యం, క్యాన్సర్ లేదు, సోమవారం మాట్లాడదాం అని రాస్తే చాలు కదా. ఇదే డాక్టరమ్మకి చెప్పాను. నోట్ చేసుకున్నారు. మార్చారో లేదో ఇప్పుడు వెళ్లేవాళ్లు రాయండి.

ఖర్చు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను, ఇవి నాకు అయినవి మాత్రమే. డాక్టర్ ఫీజు 900, స్కాన్ 2,200, బయాప్సీ, ముక్క రిపోర్ట్ కలిపి 9,500, టీబీ పరీక్ష, కల్చర్లు కలిపి దాదాపు 5,000, తర్వాత ఇంజెక్షన్ వేసిన ప్రతిసారీ 3,000 దాకా. అడ్మిట్ కాలేదు కాబట్టి మా ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వలేదు. మాకు తక్కువ డబ్బేమీ కాదు. కానీ అంతకు ముందు యాంటీబయాటిక్‌లు, కోత, అయిదు వారాల డ్రెస్సింగ్‌లకి అయింది కూడితే దీనికన్నా ఎక్కువే వచ్చింది.

ఫిబ్రవరిలో ఎడమ వైపే కొంచెం పైన మళ్లీ చిన్న గడ్డ వచ్చింది, శనగగింజంత. ఇది మళ్లీ మళ్లీ రావచ్చని ముందే చెప్పారు కాబట్టి ఈసారి నిద్ర పోయాను. స్కాన్ చేసి, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు, నెలకి కరిగిపోయింది. ఇప్పుడు స్కాన్‌లో తప్ప చేతికి ఏమీ తగలడం లేదు. ఆరు నెలలకోసారి రమ్మన్నారు. రెండో బిడ్డ గురించి అడిగితే, గడ్డ పూర్తిగా చల్లారాక ఏడాది ఆగి చూద్దాం, బిడ్డకి పాలు కూడా ఇవ్వొచ్చు, కుడి వైపు నుంచైతే ఏ ఇబ్బందీ ఉండదు, ఎడమ వైపు అప్పుడు చూద్దాం అన్నారు.

వెళ్లేవాళ్లు పాత స్లైడ్లు, స్కాన్ ఫిల్ములు, వాడుతున్న బిళ్లల స్ట్రిప్పులు, గ్యాస్ బిళ్లతో సహా, అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. ముందు తెరుచుకునే జాకెట్ వేసుకోండి. మంగళ, శుక్రవారాల్లో బయాప్సీలు చేస్తారు, ఆ రోజుల్లో వెళ్తే అన్నీ ఒకేసారి అయిపోతాయి, మళ్లీ రైలెక్కే పని ఉండదు. తిరుగు టికెట్ మాత్రం సాయంత్రం బండికి తీసుకోకండి.